రెండు వందల పదహారు అణువుల సముద్రం

జాలరిపేట, విశాఖపట్నం
జులై 3, 2025

విద్యావతీ, వివేకవతీ, వాట్సాప్ వర్జితా అయిన సూర్యకళ అత్తకి,

మేనల్లుడు చింటూ సాష్టాంగపడి రాసుకుంటున్న మహా క్షమాపణ.

ముందుగా ఈ ఉత్తరం రాసినందుకు క్షమించు. ఇంతవరకూ రాయనందుకు క్షమించు. రసాయన శాస్త్రవేత్తవి కదా అని నిన్ను ఫ్యామిలీ గ్రూపులో పట్టుకుని నూనె మరక ఎలా పోతుంది, బాత్రూం పాచి ఎలా పోతుంది, బావగారి బట్టతల ఎలా పోతుంది అని అడిగి, చివరికి నువ్వే పోయేలా చేసిన ముప్పై ఒక్కమంది బంధువుల తరఫునా క్షమించు. హుద్‌హుద్ తుపానుకీ, మద్దిలపాలెం ట్రాఫిక్‌కీ, మే నెల ఉక్కపోతకీ కూడా క్షమించు. ఇవేవీ నేను చేసినవి కావు. అయినా ముందే ఒక పెద్ద క్షమాపణ చెప్పేసుకుంటే తర్వాతి చిన్న చిన్నవన్నీ అందులో కలిసిపోతాయని మా ఆఫీసులో నేర్పారు.

మా ఆఫీసంటే మధురవాడలో ఎనిమిదో అంతస్తు. అక్కడ కూర్చుని, నేనెన్నడూ తలకి రాసుకోని నూనెల గురించి 'వెయ్యేళ్ల రహస్యం' అని ప్రకటనలు రాస్తుంటాను. ఇంట్లో డిగ్రీ చదివించినందుకు ఇలా రుణం తీర్చుకుంటున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి మొహం రెండుసార్లు కడుక్కుంటాను. అయినా జిడ్డు పోదు.

అసలు విషయం. నువ్వు రిటైరయ్యావని పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి. అంతే, సన్మానాల తవిటయ్య గారికి పూనకం వచ్చింది. ఆయన దగ్గర శాలువాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, భుజాలే దొరకవు. 'పేట ముద్దుబిడ్డకి' సన్మానం చేస్తాడట. నీ జీవిత విశేషాలు రాసే బాధ్యత నా నెత్తిన పెట్టాడు.

"ఆవిడ ఏ మందు కనిపెట్టారు బాబూ?" అన్నాడు.

సిద్ధాంత రసాయన శాస్త్రమండీ, సీసాలు ముట్టుకోరు, అణువులు ఎలా నడుచుకుంటాయో లెక్కగట్టి చెప్తారు అన్నాను. పక్కనే చేపలు తోముతున్న అమ్మ తల ఎత్తకుండా, "ఏటీ ముట్టుకోకుండా కూర వొండినట్టుంది. ఆ యిద్దె నాకూ నేర్పమను సూరమ్మని, సేతులు పగిలిపోతన్నాయి" అంది.

నాన్న ఈ గోలలో లేడు. ఉత్తరాన ఉన్న మందుల కంపెనీ సముద్రంలోకి ఇంకో గొట్టం వేస్తానంటోంది. మొదటి గొట్టం చాలక. సెప్టెంబర్ 2న ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. పేట పెద్దగా నాన్న ఇల్లిల్లూ తిరిగి అభ్యంతర పత్రం మీద సంతకాలు, వేలిముద్రలు పోగేస్తున్నాడు. మూడు వందలు దాటాయి. తీరిక దొరికితే ఒడ్డున కూర్చుని నీళ్లు వేళ్ల మధ్య రుద్ది వాసన చూసి ఉమ్మేస్తున్నాడు. "ఇది సంద్రం వోసన కాదురా" అంటాడు. నిజంగానే కాదు. దాన్ని వర్ణించమంటే నా వృత్తి అనుభవం చాలదు.

వివరాలు పంపు. వినమ్రంగా పంపినా పర్వాలేదు, గొప్పలు నేను కలుపుకుంటాను.

నీ పాదరేణువు (తడిది, ఇసుకతో సహా),
చింటూ

*

పుణె
జులై 11, 2025

చింటూ,

నీ క్షమాపణ చదవడానికి మూడు నిమిషాలు పట్టింది. ఇకపై నేరుగా విషయానికి రా.

సన్మానం వద్దు. నేను రాను. ఆ మాట తవిటయ్య గారికి విడిగా రాశాను. నా గురించి రాయకుండా నిన్ను ఆపలేను కాబట్టి, కనీసం నిజం రాయి.

నేను ముప్పై ఏళ్లకి పైగా నీళ్ల మీద పనిచేశాను. తాగే నీళ్లూ కాదు, సముద్రమూ కాదు. కంప్యూటర్‌లో ఒక పెట్టె ఊహించు. అందులో రెండు వందల పదహారు నీటి అణువులు. ఒక అణువు పక్కదాని చేయి పట్టుకుంటుంది, వదిలేస్తుంది, ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఇదంతా సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో. ఎందుకు పట్టుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది అన్నదే నా ఉద్యోగం. నా పెట్టెలో కుడి గోడ దాటిన అణువు ఎడమ గోడలోంచి మళ్లీ లోపలికొస్తుంది. అంటే ఆ సముద్రానికి ఒడ్డు లేదు. ఒడ్డు లేదు కాబట్టి అందులోకి ఎవరూ గొట్టం వేయలేరు. ఉప్పు కూడా లేదు. మొదట్లో కంప్యూటర్ వారానికి నాలుగు గంటలు ఇచ్చేవారు. నాలుగు గంటల్లో నా సముద్రం ఒక్కసారి కూడా సరిగ్గా కదిలేది కాదు.

ఈ దారి ఎందుకు పట్టానని అందరూ అడుగుతారు. లెక్కలంటే ఇష్టమని చెప్తుంటాను. నీకు అసలు సంగతి చెప్తున్నాను, అచ్చుకి కాదు.

ఎమ్మెస్సీలో ఒకరోజు ల్యాబంతా చేపల కంపు. నా పక్క బెంచీ అమ్మాయి ముక్కు మూసుకుని, తనకి వేరే బెంచీ కావాలని సారుని అడిగింది. ఆయన నాకేసి చూసి, ఆ అమ్మాయిని మార్చారు. తర్వాత ఇంకో ముగ్గురు మారారు. నేను ఆ పూట రెండుసార్లు తలంటుకుని వచ్చాను. ఆ కంపు అమైన్ అనే రసాయనానిది, కుళ్లిన చేప వాసనే వేస్తుంది. సీసా మూత ఎవరు తెరిచి వదిలేశారో నేను చూశాను. అతను ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ ఏడాది చివర్లో థియరీ తీసుకున్నాను. దానికి పక్క బెంచీ ఉండదు.

నా కెరీర్లో నేను సిగ్గుపడని పని ఒకటి ఉంది, అది రాయి. 2009లో నాకు బాగా పేరు తెచ్చిన లెక్కలో తప్పుందని నా విద్యార్థిని హిమబిందు పట్టుకుంది. నేనే సవరణ అచ్చు వేయించాను. ఇది నా తప్పు అని మొదటి వాక్యంలోనే రాశాను.

నేను చేయనిది రాయొద్దు. అదొక్కటే షరతు.

గొట్టం సంగతి అన్నయ్య నాతో చెప్పలేదేం? వదినని చేతులకి కొబ్బరి నూనె రాయమను, నువ్వు పొగిడే రకాలు కాకుండా.

సూర్యకళ

*

జాలరిపేట
జులై 26, 2025

గైర్హాజరీలో సన్మానితురాలైన అత్తకి,

నువ్వు రానన్నావు. సన్మానం వచ్చేసింది.

నీ కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదని తవిటయ్య గారు దాంట్లో నీ ఫొటో పెట్టించాడు. కాలేజీ ఐడీ కార్డులోది, గుమ్మడికాయంత చేశారు. ఫొటోకి దండ వేశారు. ముందు దీపం పెట్టారు. ఆపైన శాలువా కప్పారు. అప్పుడే తట్ట దించి పందిట్లోకొచ్చిన అమ్మ ఒక్క చూపు చూసి, "ఓలమ్మో సూరమ్మా, నాకొక్క మాటైనా సెప్పకుండా ఎల్లిపోనావా" అని గుండె బాదుకుంది. ఆవిడ ఏడుపు విని వీధి వీధంతా వచ్చి ఏడ్చింది. నువ్వు బతికే ఉన్నావని మైకులో మూడుసార్లు ప్రకటించాల్సి వచ్చింది. పోతమ్మ పిన్ని ఇప్పటికీ నమ్మడం లేదు. పదకొండో రోజు ఎప్పుడని నిన్న కూడా అడిగింది.

కుర్చీలూ, పందిరీ, ఫ్లెక్సీలూ ఇచ్చింది ఎవరనుకున్నావు? ఆ మందుల కంపెనీవాళ్లట. నాకు అక్కడికెళ్లాకే తెలిసింది. వాళ్ల మేనేజరు ఒకాయన ఇస్త్రీ నలగకుండా వచ్చి, నీ ఫొటో భుజాల మీద శాలువా సర్దాడు. నాన్నతో చేయి కలిపి ఫొటో దిగాడు. తర్వాత పందిరి వెనక్కి వెళ్లి, జేబులోంచి చిన్న సీసా తీసి, చేతులు రెండూ మోచేతుల దాకా రుద్దుకున్నాడు. అక్కడ నేనొక్కడినే ఉన్నాను. నా చేతులు ఒకసారి వాసన చూసుకున్నాను. ఆ తర్వాత వాళ్లు పెట్టిన బిర్యానీ తిన్నాననుకో, అది వేరే సంగతి.

నీ జీవిత విశేషాలు నేను చదివాను. చప్పట్లు బాగా పడ్డాయి. ల్యాబు సంగతి రాయలేదు, మాట నిలబెట్టుకున్నాను. 2009 సంగతి కూడా వదిలేశాను. శుభమా అని సన్మానం చేస్తుంటే తప్పు చేశారని చదవడం ఏం బాగుంటుంది? రెండు వందల పదహారు అణువుల దగ్గర జనం ఆవలించారు, అందుకని చివర్లో కొద్దిగా మెరుగు పెట్టాను. కొద్దిగానే.

ఒక్క విచిత్రం. ఆ రోజు నుంచి నాన్న సంతకాల కోసం తిరగడం మానేశాడు. మూడు వందల నలభై దగ్గర ఆగిన అభ్యంతర పత్రం మడిచి పడవలో ఐసు పెట్టెలో పడేశాడు. ఎందుకని అడిగితే, "ఊరికే" అన్నాడు. ఆయనకేమైందో నాకు తెలీదు.

ఇట్లు,
నీ జీవిత చరిత్రకారుడు
చింటూ

*

పుణె
ఆగస్టు 4, 2025

చింటూ,

హిమబిందు ఎవరి పెళ్లికో వైజాగ్ వెళ్లి, ఆటోలోంచి ఒక ఫ్లెక్సీ ఫొటో తీసి నాకు పంపింది. బీచ్ రోడ్డు మలుపులో ఉందట. నా ఫొటో పక్కన ఇలా ఉంది:

"ముప్పై ఏళ్లు మన సముద్రపు నీటిని అణువణువూ పరీక్షించి, అందులో ఏ దోషమూ లేదని ప్రపంచానికి చాటిన మన ఆడబిడ్డ."

దాని కింద కంపెనీ పేరు. ఇంకా కింద, 'వివరాలు: కుటుంబ సభ్యులు'.

మూడుసార్లు చదివాను. లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. ఆ మేనేజరు చేసిన పనే నేనూ చేశానని తర్వాత గుర్తొచ్చింది.

మన సముద్రపు నీటిని నేను చిన్నప్పుడు ఈత కొట్టడానికి తప్ప ఎందుకూ వాడలేదు. ఒక్క చుక్క పరీక్షించలేదు. పరీక్షించడం నాకు రాదు కూడా.

కుటుంబ సభ్యులంటే ఎవరు? వదినకి అక్షరాలు రావు. అన్నయ్యే. పేట పెద్దని కంపెనీవాళ్లు వేదిక ఎక్కించి పక్కన కుర్చీ వేశారు. ఆ కుర్చీకి పడిపోయాడన్నమాట. అందుకే కాగితం ఐసు పెట్టెలోకి వెళ్లింది. పద్నాలుగో ఏట తను బడి మానేసి పడవెక్కి నన్ను చదివించినవాడు, ఇప్పుడా చదువుని తీసుకెళ్లి ఆ గొట్టానికి శాలువాలా కప్పాడు. నాకు అసహ్యం వేస్తోంది. ఆ మాట అన్నయ్యతో అను. నేను రాయలేను.

నువ్వు చదివిన ప్రతి నాకు పంపు. నీ చేతిరాతలో ఉన్నది.

సూర్యకళ

*

జాలరిపేట
ఆగస్టు 13, 2025

ఆగ్రహోదగ్రురాలైన అత్తకి,

నీ ఉత్తరం పట్టుకుంటే వేళ్లు కాలాయి.

నా ప్రతి దొరకడం లేదు. సన్మానం రోజు దాంట్లో పకోడీలు కట్టారని అనుమానం. ఆ వాక్యం ఎలా పుట్టిందన్న దాని మీద నేను జరిపిన విచారణలో తేలిందేమంటే: ప్రింటింగ్ షాపు కుర్రాడు ఈ మధ్య పరధ్యానంగా ఉంటున్నాడు. తవిటయ్య గారికి ప్రాస పిచ్చి. కంపెనీవాళ్లకి మొహమాటం లేదు. ముగ్గురిలో ఒకరు, లేదా ముగ్గురూ. ఈ దేశంలో ఏ వాక్యానికైనా తండ్రి ఎవరో తేల్చడం కష్టం.

కానీ నాన్న కాదత్తా. ఇది మాత్రం తమాషాకి రాయడం లేదు.

నువ్వన్న మాట నేను ఆయనతో అనలేదు. పడవ దగ్గరికి వెళ్లి, ఎందుకు తిరగడం మానేశావని గట్టిగా నిలదీశాను. చాలాసేపు వల కళ్లు లెక్కపెట్టాడు. తర్వాత అన్నాడు:

"మరేటి సెయ్యమంటావురా. నాను ముక్కుతో వోసన సూసి నీళ్లు పాడైపోనాయన్నాను. మా సెల్లి ముప్పయ్యేళ్లు సదివి పాడవనేదంది. అందరి ముందరా సదివేవు గదా, నువ్వే. దాని సదువు కన్నా నా ముక్కు గొప్పదేటి? ముసిలోణ్ణయిపోనాను. ముక్కు సెడిపోయుంటాది."

"వలలో పడ్డ సేపల మాటేటి నాన్నా, మచ్చలున్నాయి కదా" అన్నాను.

"కళ్లు కూడా సెడిపోయుంటాయి" అన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నీళ్లు వేళ్లకి రుద్దుకుంటాడు, వాసన చూస్తాడు, మొహం చిట్లిస్తాడు, ఆ చిట్లించినందుకు సిగ్గుపడతాడు. పేటలో మిగతావాళ్లు, పెద్ద జగ్గయ్యే ఊరుకుంటే మనకేటని ఊరుకున్నారు. కంపు మాత్రం ఊరుకోలేదు. నిన్న నూకాలమ్మ గుడి దాకా వచ్చింది.

నువ్వొక్కసారి నాన్నకి ఫోన్ చెయ్యి. నువ్వు చెప్తే వింటాడు. సేకరణకి ఇంకా ఇరవై రోజులుంది.

భయభక్తులతో, ఈసారి భయం పాలు ఎక్కువగా,
చింటూ

*

పుణె
ఆగస్టు 21, 2025

చింటూ,

అన్నయ్యకి ఫోన్ చేశాను. మొదట క్షమించమన్నాను, ఎందుకో చెప్పలేదు. తర్వాత ఆ మాట నాది కాదని చెప్పాను. సముద్రాన్ని నేనెప్పుడూ పరీక్షించలేదని చెప్పాను. అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా?

"అన్నని గదా. నా మొకం సిన్నబోకూడదని అలగంతన్నావు. నీ బుద్ది నాకు తెల్దేటి సూరమ్మా. పరవానేదు, ఆరోగ్యం సూసుకో."

పెట్టేశాడు. మళ్లీ చేశాను. మళ్లీ అదే. నేను ఏం చెప్పినా అది ఆయన మీద జాలి అయిపోతోంది. నలభై ఏళ్ల చదువు మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది. నా పెట్టెలో అయితే గోడ దాటిన అణువు అవతలి వైపు నుంచి వచ్చేది.

ఇరవై తొమ్మిదిన నాకు కంటి ఆపరేషన్. ప్రయాణం వద్దన్నారు. దీనితో ఒక కాగితం పెడుతున్నాను. సేకరణలో నువ్వే చదవాలి. మెరుగు పెట్టకు.

కానీ అది చదివినా అన్నయ్య నమ్మడు. అది నాది కాదంటే చాలదు, ఎవరిదో తెలియాలి. సీసా మూత తీసినవాడు లేచి నేనే తీశానని అనలేదు, ఆ రోజు కంపు నా మీదే ఉండిపోయింది. ఇన్నేళ్లయినా ఉంది.

నీ విచారణ కొనసాగించు. త్వరగా తేలుతుందని నా నమ్మకం.

అత్త

*

జాలరిపేట
సెప్టెంబర్ 8, 2025

అత్తా,

కన్ను ఎలా ఉంది? కట్టు విప్పాకే చదువు. హిమబిందు గారి చేత మాత్రం చదివించుకోకు.

ఫలితం ముందు చెప్తాను. ఇవాళ పొద్దున్న నాన్న అభ్యంతర పత్రం ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాడు. సంతకాలు మూడు వందల నలభై ఒకటి. గొట్టం ఆగుతుందో లేదో ఎవరికీ తెలీదు. కాగితానికి ఐసు పెట్టె వాసన వస్తోందని గుమాస్తా దూరంగా పట్టుకున్నాడట. నాన్న, "వోసన గురించే బాబూ, లోపల రాసుంది" అన్నాడట.

ఇప్పుడు వెనక్కి వెళ్తాను.

రెండో తారీకు పెద్ద షామియానా. నాలుగు మూలలా కూలర్లు, వాటి ముందు గులాబీ అత్తరు. అయినా సముద్రం వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా అధికారులందరూ ఒక్కసారే జేబురుమాళ్లు తీశారు. కంపెనీ మేనేజరు ముక్కు దగ్గర రుమాలు పెట్టుకునే, మైకులో నీ ఫ్లెక్సీ వాక్యం చదివాడు. ఆ మాటలు ఆ రుమాల్లోంచి వస్తుంటే, అంతటి అసహ్యం నేను నా ఆఫీసులో కూడా చూడలేదు.

నేను లేచి నీ కాగితం చదివాను. "నేను లెక్కగట్టిన నీటిలో ఉప్పు కూడా లేదు. విశాఖ సముద్రం గురించి నాకేమీ తెలియదు. తెలిసినవాడు మా అన్నయ్య జగ్గయ్య. ఆయన ముక్కుని నా డిగ్రీతో కొట్టేయకండి." అక్షరం మార్చలేదు.

అధికారి మంచాయనే. కళ్లజోడు తీసి, "మరి ఈ ఫ్లెక్సీ మీద మాట ఎవరిదయ్యా?" అని అడిగాడు.

తవిటయ్య గారు నాకేసి చూశాడు. నేను మైకుకేసి చూశాను. "అచ్చులో దొర్లిన పొరపాటు సార్" అన్నాను.

అన్నాను.

నాన్న మూడో వరసలో ఉన్నాడు. ఆయన పేరు పిలిచారు. లేచాడు, పంచె సర్దుకున్నాడు, నమస్కారం పెట్టి బయటికి వెళ్లిపోయాడు. పేటంతా ఆయన వెనకే వెళ్లింది. రాతపూర్వకంగా ఇచ్చేవాళ్లకి ఇంకో వారం గడువుందని అధికారి చెప్తుంటే వినడానికి అక్కడ కుర్చీలే మిగిలాయి.

ఇంటికొచ్చాక అమ్మ చారు పోస్తూ, "మీ అత్త రాసింది సానా బాగుందిరా. నీది మాత్రం ఉడకనేదు" అంది. ఏది ఉడకలేదని నేను అడగలేదు. నాలుగు రోజులు తిన్నది ఏదీ సయించలేదు. అద్దంలో మొహం చూస్తే, ల్యాబులో సీసా తెరిచినవాడు ఇలాగే ఉండుంటాడు అనిపించింది. బాగా దువ్వుకున్న తల, శుభ్రమైన చొక్కా.

నిన్న పడవ దగ్గరికి వెళ్లాను. నాన్న అలల్లో నిలబడి వల జాడిస్తున్నాడు. రెండు ముక్కల్లో చెప్పేశాను. ఆయన వల జాడించడం ఆపలేదు. నేను కొట్టించుకోవడానికి అనువుగా దగ్గరికి జరిగాను. ఆయన వంగి, నీళ్లు తీసుకుని వేళ్ల మధ్య రుద్ది, ఆ వేళ్లు నా ముక్కు కింద పెట్టాడు.

"ఏటొత్తంది?"

"కంపు."

"ఎప్పుట్నించి?"

"మూడేళ్ల నుంచి నాన్నా."

"అంటే నీకూ తెలుసన్నమాట" అన్నాడు. చాలాసేపు ఆ వేళ్లు అలాగే పెట్టి ఉంచాడు. "నా ముక్కు సెడిపోనేదయితే." ఆ మాట నాతో కాదు, సముద్రంతో అన్నట్టున్నాడు.

తర్వాత ఐసు పెట్టె తెరిచి కాగితం తీశాడు, కలం నా చేతికిచ్చాడు. ఆ మూడు వందల నలభై ఒకటో సంతకం నాదే. నేను సంతకం చేస్తుంటే ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఎవుడన్నా రాయమన్నాడేటి? కంపినీవోడా? తవిటయ్యా?"

నాన్నకి చెప్పిన జవాబే నీకూ రాస్తున్నాను. నీ పద్ధతిలో మొదటి వాక్యంలోనే రాయాల్సింది, ఆఖరుకి మిగిలింది. మొదటి ఉత్తరంలో తుపానుకీ ట్రాఫిక్‌కీ అడిగిన క్షమాపణలన్నీ వెనక్కి ఇచ్చెయ్యి, అవి నావి కావు. ప్రింటింగ్ షాపు కుర్రాడు అక్షరం మార్చలేదు. తవిటయ్య గారు చదవనే లేదు. పందిరి కంపెనీవాళ్లదని కూడా అప్పటికి నాకు తెలీదు. నన్నెవరూ రాయమనలేదు. మధురవాడ నుంచి బస్సులో వస్తూ, ముక్కు మూసుకుని, పేరా చివర చప్పట్లు పడే వాక్యం ఒకటి కావాలనిపించి, నేనే రాశాను.

చింటూ